సెంటు వెనకాల మనిషి

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే బసవపున్నయ్యగారు అప్పుడే వెళ్ళారో, వెళ్ళి చాలాసేపయిందో చెప్పెయ్యవచ్చు. ఆయన దిగిపోయాక కూడా ఆయన సెంటు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. మూడో అంతస్తు పిల్లలు ముక్కులు మూసుకుని మెట్ల మీద పరుగెత్తుతారు. వాచ్‌మన్ కృపానందం అయితే, "ఆయన పుణ్యమా అని గుడివాడ దోమలన్నీ బందరు పారిపోయాయండీ" అంటాడు.

ఆ మాట బసవపున్నయ్యగారి చెవినా పడింది. ఆయన నవ్వేశారు. "పోనీండి మేష్టారూ, కంపు కొడుతున్నాననడం లేదుగా" అన్నారు నాతో.

నేను ఈ ఊరి కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా ఫ్లాటుకీ వాళ్ళ ఫ్లాటుకీ ఒక గోడే అడ్డం. నా భార్య లలిత పోయిన కొత్తలో ఆయన భార్య లక్ష్మీకాంతంగారు రోజూ ఒక గిన్నెతో చారు తెచ్చేవారు. బెల్లు కొట్టి, నేను తలుపు తీసేలోపే గిన్నె గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయేవారు. నా మొహం ఎవరికీ చూపించలేని రోజులవి. ఆవిడ కావాలనే అలా చేశారని నాకు చాలాకాలం తర్వాత గాని తట్టలేదు.

ఇప్పుడు ఆవిడకి ఆ గిన్నె కాదు గదా, కొన్ని రోజులు తన పేరే గుర్తుండటం లేదు. మతిమరుపు జబ్బు. ముందు పొయ్యి మీద పాలు మర్చిపోయారు, తర్వాత చుట్టాలని, ఆ తర్వాత కూతురు పూర్ణిమని. భర్తని మాత్రం చివరిదాకా పట్టుకున్నారు. ఈ వేసవిలో ఆయన్నీ వదిలేశారు. ఉత్తినే వదిలెయ్యడం కాదు, ఆయన గదిలోకి అడుగు పెడితే చాలు, మంచం మీద ముడుచుకుపోయి, "ఎవరీయన? బయటికి పొమ్మనండి! పొమ్మనండి!" అని అరుస్తున్నారు. ఆ అరుపు గోడ దాటి నాకు వినిపిస్తుంది. తర్వాత ఆయన హాల్లో పచార్లు చేసే చెప్పుల చప్పుడూ వినిపిస్తుంది.

దానికి తోడు అన్నం మానేశారు. చూసుకోవడానికి పెట్టుకున్న ధనమ్మ ముద్ద కలిపి నోటి దాకా తీసుకెళ్తే పెదాలు బిగించేస్తున్నారు.

"మా తల్లి కదూ, ఒక్క ముద్ద తినమ్మా. నువ్వు తినకపోతే మీ ఆయన నన్ను తినేట్టున్నాడు" అని ధనమ్మ బతిమాలేది.

బందరులో ఉద్యోగం చేసుకుంటున్న పూర్ణిమ ఆ ఆదివారం వచ్చి, డాక్టరు చెప్పిన మాట తండ్రికి చెప్పింది. ఇంకో వారం చూస్తారు. ఈలోగా తినడం మొదలుపెట్టకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. గొట్టం వేశాక ఇంట్లో కుదరదు, విజయవాడలో అలాంటివాళ్ళని ఉంచే చోటు ఉంది, అక్కడ చేర్పించాలి.

ఆమె వెళ్ళిపోయాక బసవపున్నయ్యగారు మా ఇంటికొచ్చి కూర్చున్నారు. నేను గాలి కోసమన్నట్టు కిటికీ తెరిచాను.

"గొట్టం వేస్తే పీకేసుకుంటుంది మేష్టారూ. పీకేసుకుంటే చేతులు మంచానికి కట్టేస్తారంట. ఫోన్లో అడిగితే వాళ్ళే చెప్పారు." ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వాటికేసే చూస్తున్నారు. "కాంతం చేతులు కట్టేస్తారంట."

తలెత్తి, "మీరంటే బెదరదు. మీరోసారి వచ్చి కూర్చోండి. నా గురించి ఏమనుకుంటుందో కనుక్కోండి. నేనేం చేశానో" అన్నారు.

మర్నాడు పొద్దున వెళ్ళాను. లక్ష్మీకాంతంగారు కిటికీ పక్కన మంచం మీద కూర్చుని చీర కొంగు మడతలు పెడుతున్నారు, విప్పుతున్నారు, మళ్ళీ పెడుతున్నారు. మెడ ఎముకలు తేలిపోయాయి. నన్ను చూసి, "రండి, బడికి సెలవా?" అన్నారు. నన్ను ఏ ఊరి బడిపంతులనుకున్నారో గాని మర్యాద మాత్రం మర్చిపోలేదు. అవునండీ, సెలవేనన్నాను.

మేం మాట్లాడుకుంటూ ఉండగానే ఆవిడ మొహం మారిపోయింది. గదిలోకి ఎవరూ రాలేదు. తలుపు దగ్గరగా వేసే ఉంది. ఒక్క క్షణం తర్వాత నాకూ తెలిసింది. బసవపున్నయ్యగారు స్నానం చేసి హాల్లోకి వచ్చినట్టున్నారు, తలుపు కింద సందులోంచి సెంటు వస్తోంది.

ఆవిడ కొంగుతో ముక్కూ నోరూ మూసుకున్నారు. "వచ్చారు" అన్నారు గుసగుసగా.

"ఎవరమ్మా?"

"వాళ్ళే. సెంటు గుడ్డలు మొహాలకి కట్టుకునొచ్చేవాళ్ళు. శవాలెత్తేవాళ్ళు." నా చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. "అత్తయ్యగారిని ఎత్తుకెళ్ళారు. పక్కింటి పిల్లల్నీ ఎత్తుకెళ్ళారు. పంతులుగారూ, మీరైనా చెప్పండి బాబూ వాళ్ళకి, నేను బతికే ఉన్నానని."

లక్ష్మీకాంతంగారు దివిసీమలో నాగాయలంక అవతల ఒక ఊరికి కొత్తకోడలుగా వెళ్ళిన ఏడే ఉప్పెన వచ్చిందని నాకు తెలుసు. అంతకుమించి ఆవిడ ఏనాడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ గదిలో అలా కూర్చుని ఉండగా అంతా అర్థమైంది. పై ఊళ్ళ నుంచి సాయానికొచ్చిన కుర్రాళ్ళు ఆ వాసన తట్టుకోలేక జేబురుమాళ్ళకి సెంటు పోసి మొహాలకి కట్టుకుని ఉంటారు. బురదలో కూర్చున్న ఆ అమ్మాయికి కనిపించిన మనుషులందరికీ మొహాలు లేవు, సెంటు మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ మనసు ఆ తలుపు మూసి ఉంచింది. ఇప్పుడు మూసి ఉంచే శక్తి లేదు.

"చెప్తానమ్మా. వెళ్ళిపొమ్మంటాను" అన్నాను.

సాయంత్రం మేడ మీద బసవపున్నయ్యగారికి ఈ సంగతి చెప్పాను. ఎలా చెప్పాలా అని మధ్యాహ్నమంతా ఆలోచించాను గాని, తీరా చెప్పేటప్పుడు సూటిగానే చెప్పేశాను. ఆయన రెండు చేతులా పిట్టగోడ పట్టుకున్నారు.

"అంటే నన్ను చూసి శవాలెత్తేవాడనుకుంటోందా?"

"మిమ్మల్ని చూడటం లేదండీ. మీ సెంటు దగ్గరే ఆగిపోతున్నారు. దాని వెనకాల ఉన్న మనిషి దాకా రావడం లేదు."

"మరీ అంత కొడుతుందా మేష్టారూ? నాకసలు తెలీనే తెలీదే."

"మీకు తెలీదు. ఒకే వాసనని ముక్కు కాసేపటికి లెక్కచెయ్యడం మానేస్తుంది. మీరు ఆరిపోయిందనుకుని ఇంకాస్త కొట్టుకుంటారు. ఎదుటివాళ్ళకి అది మొదటిదీ రెండోదీ కలిపి తగులుతుంది." తరగతిలో పిల్లలకి చెప్పినట్టు ఉందని నాకే సిగ్గేసింది. అయినా చెప్పాను. "ల్యాబులో పిల్లలకి మొదటిరోజు నేర్పేదే అది. టెస్ట్‌ట్యూబు ముక్కు దగ్గర పెట్టుకోకూడదు, దూరంగా పట్టుకుని వాసనని చేత్తో కొద్దిగా ముక్కువైపు విసురుకోవాలి. అప్పుడే అదేంటో తెలుస్తుంది. లేకపోతే ముక్కు మండిపోతుంది, ఏం తెలీదు."

లలిత సంగతి గుర్తొచ్చింది గాని చెప్పలేదు. ఆమె చీరల మడతల్లో పొగడపూలు పెట్టేది. ఎండిపోయాక కూడా వాటికి వాసన ఉంటుంది గాని, అది బీరువా దాటి రాదు. పక్కన కూర్చుంటే తెలియదు. భుజం మీద తల ఆన్చితే తెలుస్తుంది. ఆ పూలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నేను ఆ బీరువా ఎక్కువగా తెరవను. తెరిచిన కొద్దీ అయిపోతుందేమోనని భయం.

ఆయన చెప్పుకొచ్చారు. దివిసీమ పొలాలు అమ్మేసి ఇటు వచ్చాక చేపల చెరువులు తవ్వించారు. మేతకి తవుడు, వేరుశనగ చెక్క, చెరువు బురద, నోట్లో చుట్ట. పూర్ణిమ పెళ్ళిచూపులకి చెరువు గట్టు మీంచి తిన్నగా వచ్చి కూర్చుంటే, అబ్బాయి మేనత్త కుర్చీ వెనక్కి జరుపుకుని కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ సంబంధం తప్పిపోయింది. కారణం వేరే అని అందరూ అన్నారు. ఆయన మాత్రం ఆ వారమే బందరు వెళ్ళి అత్తరు కొట్లో సెంటు కొన్నారు. మొదట చేతిరుమాలుకి. తర్వాత చొక్కాకి. తర్వాత ఇక లెక్కలేదు. చెరువులు కౌలుకిచ్చేసి ఏళ్ళయినా అది మానలేదు.

"మానేస్తే కంపు కొడతానేమో మేష్టారూ" అన్నారు. డెబ్భై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా అడిగారు.

"కొట్టరండీ."

"కొడితే చెబుతారా?"

"చెబుతాను."

ఆ రాత్రే సీసాలన్నీ సంచిలో వేసి కృపానందానికి ఇచ్చేశారు. అవి ఏం చేశాడని తర్వాత అడిగితే, "మా బావమరిదికి ఇచ్చానండీ. మా ఆవిడ నెల్లాళ్ళు పుట్టింటికి వెళ్ళనంది" అన్నాడు వాడు. బట్టలది అంత తేలిగ్గా కాలేదు. ధనమ్మ చొక్కాలూ పంచెలూ సబ్బుతో ఉతికింది, కుంకుడు రసంలో నానబెట్టింది, మేడ మీద ఎండేసింది. "అయ్యగారూ, ఇది సెంటా, పెయింటా? ఊడి చావదే" అంటూ మళ్ళీ ఉతికింది. చివరికి ఆయన కొట్టుకెళ్ళి కొత్త బనియన్లూ చొక్కాలూ తెచ్చుకున్నారు.

రెండు రోజులు పోయాక, ఒంటి మీద ఏ వాసనా లేకుండా ఆయన భార్య గదిలోకి వెళ్ళారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ అరవలేదు. ఆయనకేసి చూశారు. చూసి, కుర్చీకేసీ గోడ మీద క్యాలెండరుకేసీ ఎలా చూశారో అలాగే చూపు తిప్పుకుని మళ్ళీ కొంగు మడతలు పెట్టుకున్నారు. ఆయన మంచం పక్కన కూర్చుని, "కాంతం" అని పిలిచారు. ఆవిడ పలకలేదు. ముద్ద పెట్టబోతే పెదాలు బిగించేశారు.

బయటికొచ్చి ఆయన గోడకి ఆనుకున్నారు. "భయపడినప్పుడే నయం మేష్టారూ. కనీసం నేనున్నానని తెలిసేది."

సెంటు తీసేస్తే కింద మనిషి ఉంటాడనుకున్నాను. ఇన్నేళ్ళ సెంటు కింద ఆ మనిషి వాసన కూడా కరిగిపోయి ఉంటుందని అనుకోలేదు.

వారంలో ఇంకా మూడు రోజులే మిగిలాయి. ఇంట్లో కూర్చోలేక ఆయన మర్నాడు తెల్లారగానే చెరువుల మీదికి వెళ్ళిపోయారు. కౌలుదారు దగ్గర ఆరోజు కూలీలు తక్కువయ్యారట. వద్దంటున్నా వినకుండా మేత కలిపే తొట్టి దగ్గర దిగి, తవుడూ చెక్కా తొక్కి, బస్తాలకెత్తి పడవలో వేయించారట. ఎవరో ఇస్తే చుట్ట కూడా కాల్చారు. అవన్నీ తర్వాత చెప్పారు.

మధ్యాహ్నం నేను లక్ష్మీకాంతంగారి దగ్గర కూర్చుని ఉన్నాను. ధనమ్మ పప్పన్నం మెత్తగా కలిపిన పళ్ళెం పట్టుకుని ఓడిపోయిన మొహంతో నిలబడి ఉంది. వీధి తలుపు తీసిన చప్పుడైంది. బసవపున్నయ్యగారు వచ్చారు. పంచె మోకాళ్ళ పైకి కట్టి ఉంది, కాళ్ళకి బురద ఎండిపోయింది. స్నానానికని గది ముందు నుంచే నడిచిపోతున్నారు.

లక్ష్మీకాంతంగారు తలెత్తారు.

మంచం దిగారు. పది రోజులుగా ధనమ్మ ఎత్తి కూర్చోబెడితే గాని కూర్చోని మనిషి, గోడ పట్టుకుని తనంతట తాను లేచి నిలబడ్డారు. కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకున్నారు. తలుపు చాటుకి జరిగి, తల వంచుకుని, "వచ్చారా మావయ్యగారూ? కాళ్ళు కడుక్కోండి" అన్నారు.

ఆయన అక్కడే ఆగిపోయారు. "కాంతం, నేను..."

ఆవిడ వినిపించుకోలేదు. ధనమ్మ మీదికి తిరిగారు. "చూస్తావేంటే అలా? పీట వెయ్యి. పెద్దాయన ఎప్పుడు తిన్నారో ఏంటో. అన్నం పెట్టు."

ఆ గొంతు నేను చాలా నెలలుగా వినలేదు. ఇంటి ఇల్లాలి గొంతు. ధనమ్మ నోరు తెరుచుకుని నాకేసి చూసింది. బసవపున్నయ్యగారూ నాకేసే చూశారు. ఆయన ఏం అడుగుతున్నారో తెలుసు. నిజం చెప్పనా, వద్దా అని. నేను తల దించుకున్నాను. అది చెప్పాల్సింది నేను కాదనిపించింది.

ఆయన వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చి నేల మీద కూర్చున్నారు. ధనమ్మ ఆవిడ పళ్ళెమే తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక ముద్ద ఎత్తి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు. గొంతు బరువుగా, నిదానంగా, తనది కానట్టు మార్చి, "నువ్వు తిన్నావా అమ్మాయ్?" అన్నారు.

"మీరు తింటేనే నేను తింటాను."

"సరే అయితే. నేను తింటున్నాను. నువ్వూ పెట్టుకో."

ఆయన తిన్నారు. ఆవిడ తలుపు చాటునుంచి చూస్తూ నిలబడ్డారు. ఆయన నాలుగు ముద్దలు తిన్నాక, ధనమ్మ ఇంకో పళ్ళెంలో పెట్టి ఇస్తే తీసుకుని, తలుపు వెనక గోడ వైపు తిరిగి తిన్నారు. ఆ ఇంట్లో కోడలు మావగారి ఎదురుగా తినదు. గాజుల చప్పుడు మాత్రం వినిపించింది. పళ్ళెం ఖాళీ అయింది.

తర్వాత హాల్లో ఆయన చెప్పారు. ఉప్పెన వచ్చిన రోజు ఆయన ఊళ్ళో లేరు. ఎడ్లు బేరమాడదామని గుడివాడ వైపు వచ్చారు. దార్లన్నీ తెగిపోయి చాలా రోజులకి గాని ఇల్లు చేరలేకపోయారు. ఈలోగా తల్లి పోయింది. తండ్రి అన్నం ముట్టలేదు. సాయానికొచ్చినవాళ్ళు పంచిన అన్నం పొట్లం విప్పి ఎదురుగా పెట్టి, "మీరు తింటేనే నేను తింటాను మావయ్యగారూ" అని కాంతం పట్టుబట్టి కూర్చుంటే, కోడలు చచ్చిపోతుందేమోనని ఆ పెద్దాయన తిన్నాడట. బతికినన్నాళ్ళూ ఆ మాట ఊరంతా చెప్పుకునేవాడట.

"మా నాన్నా నాలాగే. ఎడ్లకి తవుడూ చెక్కా కలిపే తొట్టి, బురద, చుట్ట" అన్నారు. తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నారు. "నేను ఆయనలా కొడుతున్నానన్నమాట."

శనివారం పూర్ణిమ వచ్చింది. గుమ్మంలోనే, "అబ్బ, ఏంటి నాన్నా ఈ వాసన!" అని ముక్కు మీద చెయ్యి వేసుకుంది. నేను ఆమెని కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. మధ్యాహ్నం తల్లి తలుపు చాటున తింటుంటే హాల్లో నిలబడి చూసింది. చెయ్యి ముక్కు మీద నుంచి ఎప్పుడో తీసేసింది. గొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం లిఫ్టు దగ్గర నాతో, "ఎన్నాళ్ళండీ ఇలా? నాన్న మావగారైపోతే, అమ్మకి మొగుడెక్కడ?" అంది.

అదే జరిగింది. ఆయన గదిలో ఉంటే ఆవిడ మంచం మీద కూర్చోరు. ఎంతసేపున్నా నిలబడే ఉంటారు, కాళ్ళు వణుకుతున్నా సరే. అందుకని ఆయన త్వరగా తిని త్వరగా బయటికొచ్చేస్తారు. చెయ్యి పట్టుకోవడానికి లేదు. పేరు పెట్టి పిలవడానికి లేదు. ఒకరోజు ఉండబట్టలేక, శుభ్రంగా స్నానం చేసి, కొత్త చొక్కా వేసుకుని, మొగుడిలాగే వెళ్ళి పక్కన కూర్చున్నారు. ఆవిడ క్యాలెండరుని చూసినట్టే చూశారు. ఆరోజు ముద్ద దిగలేదు. మర్నాడు ఆయన మళ్ళీ చెరువు మీదికి వెళ్ళారు.

డాక్టరు దగ్గరకి నేనూ వెళ్ళాను. బరువు కొద్దిగా పెరిగిందన్నాడు. జబ్బు మాత్రం తన దారిన తాను వెళ్తుందన్నాడు. వచ్చేటప్పుడు కారులో బసవపున్నయ్యగారు కిటికీ అద్దం దించుకుని కూర్చున్నారు. కోసిన వరిచేల మీంచి గాలి వస్తోంది. ఇప్పుడు లిఫ్టులో ఆయన తర్వాత ఎక్కినవాళ్ళు మళ్ళీ మొహాలు చిట్లిస్తున్నారు, ఇంకో రకంగా. ఆయనకి తెలుసు. కంపు కొడితే చెబుతానన్నాను గాని, నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

నిన్న మధ్యాహ్నం లక్ష్మీకాంతంగారు తినడం అయిపోయాక తలుపు చాటునుంచి కదల్లేదు. ఏదో చెప్పాలని ఆగినట్టు నిలబడ్డారు.

"మీ అబ్బాయి ఇంకా రాలేదండీ."

బసవపున్నయ్యగారు నీళ్ళ గ్లాసు కింద పెట్టారు.

"ఎక్కడ పస్తులున్నారో" అన్నారావిడ. "నాకు దిగులుగా ఉంది మావయ్యగారూ."

"వస్తాడమ్మా." ఆయన మళ్ళీ ఆ బరువు గొంతే తెచ్చుకున్నారు. "దార్లు తెగిపోయాయి. నడిచైనా వస్తాడు."

"ఇంత అన్నం అట్టేపెట్టనా?"

"పెట్టమ్మా."

ఆవిడ గిన్నెలో ఇంత పప్పన్నం తీసి, పైన పళ్ళెం మూత పెట్టి, వంటింటి గట్టు మీద గోడ వారగా జరిపి వచ్చారు. అది చేసే శక్తి ఎక్కడినుంచి వచ్చిందో, రాగానే మంచం మీద వాలి నిద్రపోయారు. గిన్నె తీసి కడగబోయిన ధనమ్మని బసవపున్నయ్యగారు వారించారు.

సాయంత్రం పేపరు ఇద్దామని వెళ్ళాను. వీధి తలుపు తీసే ఉంది. ఆయన స్నానం చేసి, తడి తలతో వంటింట్లో నేల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆవిడ మొగుడి కోసం అట్టేపెట్టిన గిన్నె ఉంది. అన్నం చల్లారిపోయి అంచులు గట్టిపడ్డాయి. ఆయన ఒక్కొక్క ముద్దే తీసుకుని నెమ్మదిగా నములుతున్నారు. నన్ను చూసి, రండి అన్నట్టు తలూపారు.

ధనమ్మ మజ్జిగ తెచ్చి పొయ్యబోయింది. ఆయన గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టారు.